ఓడ వెళ్లిపోయాక ఎవరు చూస్తారు?

శ్రోతలకు నమస్కారం.

2004 డిసెంబరు 26న సముద్రం ఊళ్ల మీదికి వచ్చిన సంగతి మన కొత్తపట్నం, మైపాడు వైపు వాళ్లకు గుర్తు చేయక్కర్లేదు. ఆ రోజే ఇండోనేషియాలోని ఆచే మనకన్నా ఎన్నో రెట్లు నష్టపోయింది. రోడ్లు, వంతెనలు కొట్టుకుపోయాయి. అంబులెన్సు వెళ్లే దారే లేనప్పుడు వైద్యం సముద్రం మీదుగా రావాల్సి వచ్చింది.

మన నౌకాదళం నిరూపక్ అనే ఓడను అక్కడికి పంపింది. సముద్రం లోతు కొలిచి పటాలు గీయడం దాని అసలు పని. అందులో మంచాలు వేసి ఆసుపత్రిగా మార్చారు. అలాంటిదే జమున, శ్రీలంకకు వెళ్లింది. తర్వాత అమెరికా నుంచి మెర్సీ అనే ఆసుపత్రి ఓడ ఆచేకు వచ్చింది. ఒకప్పటి చమురు ఓడ అది. ఇప్పుడు అందులో 1000 పడకలు, 12 ఆపరేషన్ థియేటర్లు ఉన్నాయి.

అంత పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు. లోతున్న చోట లంగరు వేసుకుంటుంది. రోగులను పడవల్లోనో హెలికాప్టర్లోనో తీసుకెళ్లాలి. ఒడ్డున విరిగే అల దాటించి పడవను లోపలికి తీయడం ఎంత కష్టమో మన మత్స్యకారులకు తెలుసు. అందులో ఒక జబ్బు మనిషిని కూర్చోబెట్టడం ఊహించండి.

అందుకే ఎవరిని ఎక్కించాలో ఒడ్డునే తేలుస్తారు. ఓడ డాక్టర్లు, స్థానిక డాక్టర్లు కలిసి చూస్తారు. కంటి శుక్లం, గ్రహణం మొర్రి, హెర్నియా లాంటివైతే ఓడ ఉన్న కొద్ది రోజుల్లో ఆపరేషన్ చేసి పంపొచ్చు. జీవితాంతం మందులు కావాల్సిన జబ్బులకు ఓడ సరిపోదు. ఆశతో వచ్చిన మనిషికి కాదని చెప్పడం ఏ డాక్టరుకైనా చాలా కష్టం.

ఆపరేషన్ చేసిన కంట్లో ఓడ వెళ్లిపోయాక చుక్కలు వేయాల్సింది అక్కడి నర్సే. నా దృష్టిలో సగం వైద్యం ఆమెదే. 2006 నుంచి పసిఫిక్ దేశాలకు వెళ్లే మెర్సీ సిబ్బంది అక్కడి వాళ్లకు శిక్షణ ఇస్తారు, ఆసుపత్రుల్లో పాడైన యంత్రాలు బాగు చేస్తారు. ఈ పని నాకు ఆపరేషన్లంత గొప్పగా కనిపిస్తుంది.

విశాఖలో 2024 ఫిబ్రవరి 3న సంధాయక్ అనే కొత్త ఓడ నౌకాదళంలో చేరింది. ఇదీ నిరూపక్ లాగే సముద్రం కొలిచే సర్వే ఓడే గానీ, అవసరమైతే ఆసుపత్రిగా పనికొస్తుంది. పెద్ద తుపాను వచ్చి మన దారులు తెగితే అలాంటి ఓడ కృష్ణపట్నం రేవుకు రావచ్చు. మరి రోగులను రేవు దాకా ఎవరు చేరుస్తారు? నెలలు నిండిన గర్భిణి ఏ ఇంట్లో ఉందో, డయాలసిస్ ఎవరికి జరుగుతోందో ఊళ్లో ఆశా కార్యకర్తకు తెలుసు. తుపాను ముందు జరిగే సమావేశాల్లో ఆమెను కూడా కూర్చోబెట్టాలి. ఆమె దగ్గరున్న వివరాలు నౌకాదళ వైద్యులకు ఎలా అందాలో ఇప్పుడే రాసిపెట్టుకోవాలని ప్రకాశం, నెల్లూరు జిల్లాల అధికారులను గట్టిగా కోరుతున్నాను.

సెలవు.