వ్యాన్ వెనక ఏ బండి కట్టుకుపోవాలి? సీమలో మోటార్‌హోమ్ తిరిగేవాళ్లకు

నమస్కారం. మోటార్‌హోమ్ (వంటా పడకా అన్నీ లోపలే ఉండే వ్యాను) వేసుకుని కర్నూలు, అనంతపురం, కడప వైపు తిరగాలనుకునేవాళ్లకు ఒక సందేహం ఉంటుంది. వ్యాను ఒకచోట ఆపేశాక చుట్టుపక్కల తిరగడానికి ఏ బండి వెంట తీసుకుపోవాలి? సైకిలా, స్కూటరా, బుల్లెట్టా, లేకపోతే కారునే వెనక తగిలించుకోవాలా? మా జవాబు ముందే చెప్పేస్తాం. ఇద్దరైతే మోపెడ్, అంటే టీవీఎస్ ఎక్స్‌ఎల్ లాంటిది. నలుగురైతే టూవీలర్ చాలదు, కారుని లాక్కుపోవడం కుదరదు, కాబట్టి ఏదీ వద్దు, దిగినచోట ఆటో మాట్లాడుకోండి. ఎందుకో చూద్దాం.

గండికోటలో మకాం వేశారనుకోండి. మందుబిళ్లలో, నాలుగు రోజుల సరుకులో కావాలంటే జమ్మలమడుగు దాకా రావాలి, దాదాపు 15 కిలోమీటర్లు. అంతమాత్రానికి స్టవ్ తీసి, గిన్నెలు సర్ది, గుడ్డ పందిరి చుట్టి, వ్యాను కదిలించాలంటే విసుగు. కోట ద్వారం దగ్గర మలుపుల్లో పెద్ద బండి తిప్పడం ఇంకో తలనొప్పి. దిగువ అహోబిలం నుంచి ఎగువకు 8 కిలోమీటర్లు, అదీ అంతే. లేపాక్షిలో మాత్రం నంది దగ్గర్నుంచి గుడికి నడిచే పోవచ్చు, బండితో పనిలేదు. ఇక నీళ్లు. అనంతపురం పల్లెల్లో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగడానికి ఊళ్లో వాటర్ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాను తెచ్చుకోవాల్సిందే. కాబట్టి రెండో బండి అంటే షికారు బండి అనుకోకండి, అది నీళ్లూ పాలూ మోసే బండి.

ఇప్పుడు అసలు సంగతి. ఏ బండి కొనాలి అని షోరూముకు పోయే ముందు, మీ వ్యాను వెనక ఎంత బరువు వేలాడదీయొచ్చో తేల్చుకోండి. వెనక చక్రాల అవతల పెట్టిన బరువు ఏతంలాగా పనిచేస్తుంది. వెనక దిగుతుంది, ముందు లేస్తుంది. లెక్క చూపిస్తాం. వ్యానుకి ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి 3.35 మీటర్లు అనుకుందాం. వెనక ఇరుసు నుంచి క్యారియర్ (బండిని నిలబెట్టడానికి వ్యాను వెనక బిగించే చట్రం) మీద బండి మధ్యభాగం 2 మీటర్ల దూరంలో ఉంది. మోపెడ్ 89 కిలోలు, ఇనుప క్యారియర్ 35 కిలోలు, మొత్తం 124. దాన్ని 2తో గుణించి 3.35తో భాగిస్తే 74. అంటే ముందు చక్రాల మీద నుంచి 74 కిలోలు తగ్గిపోయాయి. వెనక ఇరుసు మీద పడింది 124 కాదు, 198. అదే చోట రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 పెడితే బండి 195, క్యారియర్ 35, మొత్తం 230. ముందు తగ్గేది 137, వెనక పడేది 367 కిలోలు. బుల్లెట్ అభిమానులు కోప్పడకండి, అంకెలు అవే చెబుతున్నాయి.

ముందు తేలికైతే ఏమవుతుంది? స్టీరింగ్ గాల్లో తిప్పినట్టుంటుంది, బ్రేకు వేస్తే ముందు టైర్లకు పట్టు చాలదు. కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు గానీ, నంద్యాల, గిద్దలూరు ఘాట్ మలుపుల్లో గానీ ఆ తేడా చేతికి తెలిసిపోతుంది. స్పీడ్ బ్రేకర్ మీద వెనక ఎగిరి పడినప్పుడు క్యారియర్ బిగింపుల మీద పడే దెబ్బ ఈ బరువుకి రెండింతలు, మూడింతలు కూడా ఉంటుంది.

అందుకని వ్యానుని కాటాకి తీసుకుపోండి. తాడిపత్రి, బేతంచెర్ల వైపు రాళ్ల లారీలు తూచే కాటాలు ఉంటాయి. డీజిల్ నిండుగా, నీళ్ల ట్యాంకు నిండుగా, మనుషులంతా కూర్చుని ఉండగా తూయించండి. ఒకసారి మొత్తం బండి, ఒకసారి ముందు చక్రాలు మాత్రమే కాటా మీద, ఒకసారి వెనక చక్రాలు మాత్రమే. మొత్తాన్ని ఆర్‌సీలో ఉన్న గ్రాస్ వెయిట్‌తో (సరుకూ మనుషులతో కలిపి ఉండదగ్గ మొత్తం బరువు), ఇరుసుల అంకెలను కంపెనీ ప్లేటు మీద ఉన్న పరిమితితో పోల్చి చూడండి. 100 లీటర్ల నీళ్ల ట్యాంకు వెనక ఇరుసు అవతల ఉంటే అదే ఒక మోపెడ్ బరువు. రెండో బండి మోసేటప్పుడు దాన్ని పావు వంతుకు మించి నింపకండి.

ఇక బండ్ల సంగతి. కారుని తాడుతోనో రాడ్డుతోనో లాక్కుపోవడం మన రోడ్డు నిబంధనల్లో కుదరదు. చెడిపోయిన బండినో, రిజిస్టరైన ట్రైలర్‌నో తప్ప లాగకూడదు. దాని గురించి ఇంక ఆలోచించొద్దు.

మామూలు సైకిల్, మడత సైకిల్ పాతిక కిలోల లోపే, ఎక్కడైనా పడుంటాయి. కానీ ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీల ఎండలో 15 కిలోమీటర్లు తొక్కేదెవరు? డిసెంబరు, జనవరిలో అయితే హాయి.

ఎలక్ట్రిక్ స్కూటర్ 100 నుంచి 130 కిలోల దాకా ఉంటుంది. బరువు కంటే పెద్ద చిక్కు ఛార్జింగ్. దాని బ్యాటరీ సుమారు 3 యూనిట్లు. వ్యాన్‌లో 12 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఉంటే అందులో ఉండేదే 2.4 యూనిట్లు. అంటే ఒక్క ఛార్జింగ్‌కే ఫ్యాన్, ఫ్రిజ్, లైట్లు అన్నీ గోవిందా. ఎలక్ట్రిక్ సైకిల్ అయితే నయం. 36 వోల్టులు, 10 ఏహెచ్ బ్యాటరీ, అర యూనిట్ కూడా పట్టదు. 250 వాట్ల మోటారు, 25 కిలోమీటర్ల వేగం దాటకుండా ఉంటే రిజిస్ట్రేషన్, లైసెన్సు కూడా అక్కర్లేదు. బ్యాటరీ ఊడదీసి లోపల పెట్టుకునే రకమే కొనండి. ఎండలో తిరిగొచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టకండి, చల్లారనివ్వండి.

గేరులేని స్కూటర్లు చాలావరకు 100 కిలోలు, ఆ పైన. వెనక చక్రం చిన్నది, కంకర దారిలో గుంటల్లో కుదిపేస్తుంది. స్ప్లెండర్ లాంటిది 112 కిలోలు, నడపడానికి వంక పెట్టలేం. కానీ పొడుగు 2 మీటర్లు. వ్యాను వెడల్పు అంతకన్నా తక్కువైతే చక్రం పక్కకి పొడుచుకొస్తుంది, సందుల్లో తిప్పేటప్పుడు ఎవరికో తగులుతుంది.

టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 ఎందుకంటే, 89 కిలోలు, పొడుగు దాదాపు 1.9 మీటర్లు. కాళ్ల దగ్గర ఖాళీలో నీళ్ల క్యాను నిలబడుతుంది. స్పేర్లు ఏ పల్లెలో అడిగినా దొరుకుతాయి, రిపేరు తెలిసినవాడు ప్రతి ఊళ్లో ఉంటాడు. క్యారియర్ నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తు, ఎక్కించే పలక 1.8 మీటర్లు అనుకుంటే, ఎక్స్‌ఎల్ ఎక్కించడానికి 25 కిలోల తోపు చాలు. క్లాసిక్ అయితే 54 కిలోలు తోయాలి, చేయి జారితే కాలి మీదే. లైసెన్సు మాట మరవకండి. కారు లైసెన్సు ఉంటే చాలదు, టూవీలర్ కూడా అందులో రాసుండాలి. ఇద్దరికీ హెల్మెట్లు.

క్యారియర్ చేయించేటప్పుడు చాలామంది చెడేది ఇక్కడే. వెల్డింగ్ షాపువాడు బంపర్‌కే అతికించి "ఏం కాదన్నా, గట్టిగా ఉంది" అంటాడు. వినకండి. బరువంతా ఛాసిస్ (వ్యాను అడుగు చట్రం) పొడుగు బీముల మీదే పడాలి. ఛాసిస్‌కి వెల్డింగ్ వద్దు, ఉన్న రంధ్రాల్లోనే 8.8 గ్రేడు బోల్టులు, లాక్ నట్లు వాడండి. వ్యాను మీద ఎక్కడ వెల్డింగ్ జరిగినా ముందు బ్యాటరీ తీగలు తీయించండి, లేకపోతే ఈసీయూ (ఇంజను నడిపే కంప్యూటరు) కాలిపోవచ్చు. నంబరు ప్లేటు, వెనక లైట్లు బండి చాటున పడితే వాటిని క్యారియర్ మీదకి మార్చండి. బండి రూపం మారేలా ఏది చేసినా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకి వస్తుంది, ముందే ఆర్‌టీఓ ఆఫీసులో అడగండి. పొగ గొట్టం మోపెడ్ టైరు వైపు చూస్తుంటే దాని మూతి తిప్పించండి.

తర్వాత అప్పుడప్పుడూ టార్చి వేసి బ్రాకెట్ మూలలు చూడండి. అతుకు పక్కన పెయింటు మీద వెంట్రుకంత తుప్పు గీత కనిపిస్తే అది మురికి కాదు, పగులు. ఆ క్యారియర్ మీద ఇంక బండి ఎక్కించొద్దు.

కట్టడానికి నాలుగు రాచెట్ బెల్టులు (పిడి ఆడించి బిగించే పట్టీలు). హ్యాండిల్‌కి రెండు, వెనక ఫ్రేముకి రెండు, నాలుగూ నాలుగు మూలలకి లాగాలి. ముందు సస్పెన్షన్ సగం కన్నా ఎక్కువ కుదించకండి, ఆయిల్ సీలు పోతుంది. సైడ్ స్టాండు మీద అస్సలు కట్టొద్దు. మోపెడ్‌కి గేరు ఉండదు కాబట్టి వెనక బ్రేకు లివర్‌ని రబ్బరు బ్యాండుతో పట్టి ఉంచండి. బయల్దేరి 15 కిలోమీటర్లు పోయాక ఒకసారి ఆగి బెల్టులు మళ్లీ బిగించాలి, మొదట్లో తప్పకుండా వదులవుతాయి. పెట్రోలు సగం లోపే ఉంచండి. ఆ బండిని వ్యాను లోపల మాత్రం పడుకోబెట్టకండి. స్టవ్ ఉన్న గదిలో పెట్రోలు ఆవిరి ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు.

చివరగా కంప. సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ, కొలిమిగుండ్ల వైపు నాపరాతి ముక్కలు, ఈ మూడూ ట్యూబ్ టైర్లకు యముళ్లు. 2.50×16 ట్యూబు ఒకటి, రెండు టైరు లివర్లు, పంపు వెంట ఉంచుకోండి. ట్యూబులో సీలెంట్ పోస్తే చిన్న ముళ్లకి పనిచేస్తుంది, కానీ పెద్ద రంధ్రం పడ్డాక ఆ జిగురు మీద ప్యాచ్ సరిగ్గా అంటదు. కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల పాత నూలుగుడ్డతో చుట్టూ తుడవండి. ముల్లు కొన విరిగి రబ్బరులోనే ఉంటుంది, వేలికి దొరకదు గానీ గుడ్డకి పట్టుకుంటుంది. దాన్ని పటకారుతో పీకకపోతే పది నిమిషాల్లో కొత్త ట్యూబు కూడా పోతుంది. వానాకాలంలో నంద్యాల వైపు నల్లరేగడిలో దిగితే మట్టి మడ్‌గార్డులో మేకులా బిగుసుకుని చక్రం తిరగదు. కర్రతో గీకి, కడిగి, ఆరాక క్యారియర్ ఎక్కించండి. తడి మట్టితో కడితే బెల్టు జారుతుంది.