రేకు వంగితే ఒక రూపం, సాగితే ఇంకో రూపం

తెర మీద: తెల్ల అంబాసిడర్, దాని పక్కనే ఎర్ర మారుతి 800.

రెండూ స్టీలు రేకుతో చేసినవే. రెండూ మన రోడ్ల మీద దశాబ్దాల పాటు తిరిగాయి, విచిత్రంగా రెండిటి తయారీ ఆగింది కూడా 2014లోనే. కానీ అంబాసిడర్ గుండ్రంగా, నిండుగా, పెద్దమనిషి తరహాగా ఉంటుంది. మారుతి 800 చూస్తే స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. అది పాతకాలం డిజైను, ఇది తర్వాతి కాలం డిజైను అనేస్తే మాట అయిపోతుంది గానీ, అంత తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. ఆ రేకుని ఎటు వంచారు, ఎంత సాగదీశారు అన్నదాంట్లోనే విషయమంతా ఉంది.

తెర మీద: చేతిలో కాగితం. గొట్టంలా చుట్టడం, పొట్లం కట్టడం, తర్వాత బంతికి తొడగబోవడం.

కాగితాన్ని గొట్టంలా చుట్టండి, వస్తుంది. మరమరాల పొట్లంలా చుట్టండి, అదీ వస్తుంది. ఇప్పుడు అదే కాగితాన్ని ముడత పడకుండా క్రికెట్ బంతికి తొడగండి చూద్దాం. ఎంత ఓపికున్నా రాదు. ఎందుకు రాదో 1827లో కార్ల్ ఫ్రెడరిక్ గౌస్ అనే జర్మన్ గణిత శాస్త్రవేత్త లెక్కకట్టి చూపించాడు. ఉపరితలం మీద ఏదో ఒక చుక్క తీసుకుని, అక్కడ అన్ని దిక్కుల్లోనూ వంపు కొలిచి, అన్నిటికన్నా ఎక్కువదాన్నీ అన్నిటికన్నా తక్కువదాన్నీ గుణిస్తే ఒక సంఖ్య వస్తుంది. దాని పేరు గౌసియన్ వక్రత. సాగదీయకుండా, చింపకుండా ఎన్ని రకాలుగా వంచినా ఆ సంఖ్య మారదు. కాగితానికి అది సున్నా. గొట్టానికీ పొట్లానికీ కూడా సున్నానే, ఎందుకంటే ఒక దిక్కున వంపే లేదు. బంతికి రెండు దిక్కులా ఒకేవైపు వంపు కాబట్టి ప్లస్సు. గుర్రపు జీనుకి ఒక దిక్కు పైకి, ఇంకో దిక్కు కిందికి కాబట్టి మైనస్సు.

అంటే వంచితే వచ్చేసే రూపాలు కొన్ని, పదార్థాన్ని సాగదీస్తే తప్ప రానివి కొన్ని. తయారీ ఖర్చు తేడా చాలావరకు ఇక్కడే మొదలవుతుంది.

తెర మీద: ఈమ్స్ దంపతుల ప్లైవుడ్ కుర్చీ.

అమెరికాలో చార్లెస్, రే ఈమ్స్ అని భార్యాభర్తలు. కూర్చునే పలకా వీపు పలకా కలిపి ఒకే ముక్కగా, ఒంటి ఆకారానికి తగ్గట్టు ప్లైవుడ్‌తో కుర్చీ చేయాలని వాళ్ల పంతం. ప్లైవుడ్ సాగదు కదా, రెండు దిక్కులా గట్టిగా వంచబోతే పగుళ్లు వచ్చాయి. చివరికి 1946లో బయటికొచ్చిన కుర్చీకి సీటు వేరు, వీపు వేరు. ఇవాళ అందరూ ముచ్చటగా చూసే ఆ రెండు ముక్కల రూపం అలా పుట్టింది. తర్వాత 1950లో ఫైబర్‌గ్లాస్ (గాజు పోగులు కలిపిన ప్లాస్టిక్) చేతికందాక ఒకే చిప్పలాంటి కుర్చీ వచ్చేసింది, ఎందుకంటే ఫైబర్‌గ్లాస్‌కి అచ్చులోనే ఆకారం తేవచ్చు, వంచే బాధే లేదు.

మళ్లీ కార్ల దగ్గరికొద్దాం. స్టీలు రేకుని పెద్ద ప్రెస్సులో డై అనే అచ్చు మధ్య పెట్టి నొక్కుతారు, అక్కడ రేకు నిజంగానే సాగుతుంది. కాబట్టి కారుకి దాదాపు ఏ ఆకారమైనా సాధ్యమే. అలాంటప్పుడు డెబ్బైల్లో అందరూ పెట్టెల మీద ఎందుకు పడ్డారు?

తెర మీద: 1974 నాటి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్.

జార్జెట్టో జుజారో అనే ఇటాలియన్ డిజైనర్ గీసిన కారిది. కాగితం మడతపెట్టినట్టుంటుందని ఆ శైలికి పేరొచ్చింది. దాదాపు చదునైన పలకలు, వాటి మధ్య గట్టి మడతలు, అంతే. బయట కొలతలు చిన్నవే అయినా లోపల చోటు బాగా వస్తుంది, చూడ్డానికి కొత్తగా, శుభ్రంగా ఉంటుంది. ఆ గాలి ప్రపంచమంతా వీచింది, మారుతి 800 కూడా ఆ కాలపు పిల్లే. తమాషా ఏంటంటే, మన రోడ్ల మీద బుజ్జిముండలా తిరిగిన దేవూ మాటిజ్ గుర్తుందా, ఎక్కడా గీతే కనపడని గుండ్రటి కారు, అది కూడా జుజారో కంపెనీదే!

చదును అన్నాను గానీ, నిజంగా చదునైన డోరు మీకు మామూలు కారులో దాదాపు దొరకదు. పూర్తిగా చదునుగా చేస్తే రెండు సమస్యలు. మన కంటికి అది మధ్యలో లోపలికి సొట్టపోయినట్టు కనిపిస్తుంది. పైగా పల్చటి రేకు కాబట్టి వేలితో నొక్కితే టప్ మని లోపలికి పోయి, వదిలితే టప్ మని బయటికొస్తుంది. అందుకే చదును అనిపించే చోట కూడా రెండు దిక్కులా కొంచెం ఉబ్బు పెడతారు.

డోరు అద్దానికి ఇంకో నియమం. అది కిందికి దిగాలి, సన్నటి సందులోంచి రాసుకోకుండా జారాలి. కాబట్టి తన మీద తనే జారగల ఆకారమే కావాలి: చదును పలక, గొట్టం ముక్క, పీపా పక్కభాగం లాంటివి. యాభైల కార్లలో చాలావాటికి డోరు అద్దాలు చదునే, అందుకే వాటి పైభాగం నిటారుగా నిలబడి ఉంటుంది. వంపు అద్దాలు వచ్చాకే కారు భుజాలు పైకి పోయేకొద్దీ లోపలికి ఒరగడం మొదలైంది. ఒక్క కిటికీ అద్దం కారు పక్క భాగమంతటి వంపునీ శాసిస్తుందంటే నాకిప్పటికీ సరదాగానే ఉంటుంది.

తెర మీద: మూలల బొమ్మలు మూడు, వాటి మీద నలుపు తెలుపు చారలు.

ఇప్పుడు అసలు కిటుకు. మెరిసే వస్తువులో మన కన్ను పట్టేది ఎక్కువగా దాని మీద పడ్డ ప్రతిబింబాన్నే. రెండు ఉపరితలాలు కలిసేచోట అంచులు మాత్రమే కలిస్తే, అక్కడ ప్రతిబింబపు చార తెగిపోతుంది, దాన్ని జీ0 అంటారు. వాలు కూడా కలిస్తే జీ1, చార తెగదు కానీ మోచేయిలా విరుగుతుంది. వంపు కూడా కలిస్తేనే జీ2, అప్పుడు చార నూనె జారినట్టు సాగిపోతుంది. తిన్నటి గీతకి వృత్తం ముక్క అతికించి మూల గుండ్రం చేస్తే అది జీ1 మాత్రమే. రైలు పట్టాని తిన్నగా ఉన్నచోటు నుంచి ఒక్కసారిగా వృత్తంలోకి తిప్పితే లోపలున్నవాళ్లు కుదుపుకి పక్కకి తూలతారు కదా, అందుకే మధ్యలో వంపు మెల్లగా పెరిగే పట్టా వేస్తారు. మంచి ఫోన్ల మూలల్లోనూ అదే పని జరుగుతుంది. చవక ఫోను, ఖరీదు ఫోను పక్కపక్కన పెట్టి మూలలు చూస్తే ఏదో తేడా అనిపిస్తుంది, చాలాసార్లు ఆ తేడా ఇదే.

ఇంత మెల్లటి వంపుని కాగితం మీద గీసి ఫ్యాక్టరీకి పంపడం ఒకప్పుడు నరకం. 1959 ప్రాంతంలో ఫ్రాన్స్ కార్ల కంపెనీ సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్‌జో దీనికి గణితం కనిపెట్టాడు, కంపెనీ దాన్ని రహస్యంగా దాచుకుంది. అరవైల్లో ఇంకో ఫ్రెంచి కార్ల కంపెనీ రెనోలో పియేర్ బేజియే విడిగా అదే దారి పట్టాడు, అది బయటికొచ్చింది. అందుకే ఇవాళ ఏ డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరిచినా బేజియే పేరే ఉంటుంది. పాపం కాస్టెల్‌జో!

తెర మీద: టెస్లా సైబర్‌ట్రక్.

2019లో చూపించి 2023 చివర్లో కస్టమర్ల చేతికిచ్చిన ఈ బండి కాగితం లెక్కకి తిరిగొచ్చింది. ఆ స్టీలు ఎంత గట్టిదంటే నొక్కబోతే ప్రెస్సే విరుగుతుందని, అందుకే పలకలుగా ఉందని ఇలాన్ మస్క్ అప్పట్లో చెప్పాడు. పలకలంటే సులువనుకుంటాం గానీ, తిన్నటి అంచు వెంట్రుకవాసి పక్కకి జరిగినా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వంపులు కొంత తప్పుని దాస్తాయి, పలకలు దాచవు. నన్నడిగితే మాత్రం, ఇప్పుడొచ్చే కొన్ని ఎస్‌యూవీల మీద అడ్డదిడ్డంగా కొట్టే పది గీతల కన్నా ఈ మొండి పలకలే నయం.

ఇదంతా పెద్ద స్టూడియోల వ్యవహారం అనుకోకండి. మీ ఊళ్లో టింకరింగ్ షాపుకి వెళ్లి చూడండి. గట్టి సొట్ట పడిందంటే అక్కడ రేకు చాలావరకు సాగినట్టే. సుత్తితో బయటికి కొడితే ఉబ్బుతుంది, లోపలికి కొడితే దిగిపోతుంది, ఎందుకంటే ఆ చోట రేకు ఇప్పుడు కావాల్సినదానికన్నా ఎక్కువుంది. అందుకే మేస్త్రి గ్యాస్ మంటతో ఒక చిన్న చుక్క ఎర్రగా కాల్చి, వెంటనే తడిగుడ్డ అద్దుతాడు. సుయ్‌మంటుంది, అక్కడ రేకు ముడుచుకుంటుంది. అలా చుక్క చుక్క చేసుకుంటూ పోతాడు. గౌస్ పేరు విని ఉండకపోవచ్చు గానీ, గౌస్ చెప్పిన ఆ వంపు సంఖ్యని వెనక్కి తిప్పుతున్నాడు. ఓపిక లేనివాడు లప్పం పెట్టి, వాటర్ పేపర్ కొట్టి, రంగేసేస్తాడు. దూరం నుంచి తేడా తెలియదు.

కాబట్టి సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తే వెనక లైటు పక్కన కొంచెం వంగి నిలబడి, కారు పొడవునా చూడండి. కరెంటు తీగో, గోడ అంచో ఏదో ఒకటి డోర్ల మీద గీతలా పడుతుంది. మీరు తల మెల్లగా కదిపితే ఆ గీత కూడా మెల్లగా కదలాలి. ఎక్కడైనా పాములా మెలికలు తిరిగితే ఆ చోట అయస్కాంతం పెట్టి చూడండి. కింద లప్పం మందంగా ఉంటే అది సరిగ్గా అంటుకోదు. బంపరు మీద మాత్రం పెట్టకండి, ఇప్పటి కార్లలో చాలావరకు అది ప్లాస్టిక్.