ఒడియా అక్షరాల్లో వచ్చిన తెలుగు మాట

అందరికీ నమస్కారం. ఎప్పుడూ టొరంటోలో వంట వీడియోలు తీసే నాకు ఈ రోజు ఆ మంచు లేదు, అక్కడి అంగళ్లూ లేవు. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక పెరటి అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నాను. వెనక టకటకమని వినిపిస్తున్నది పనసపొట్టు కొడుతున్న చప్పుడు. కొడుతున్నది పిన్నిగారు. నా వీడియోల కింద వ్యాఖ్యలు చదివేవాళ్లకు ఆవిడ పరిచయమే.

మొదటి రెండేళ్లు నేను అంకెలే చూశాను. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4000 గంటల వీక్షణ ఉండాలి కదా, పొద్దున లేస్తే అదే లెక్క. వ్యాఖ్యకు ఒక గుండె గుర్తు పెట్టి ముందుకు పోయేదాన్ని. అవతల ఒక మనిషి తీరిక చేసుకుని రాశారన్న ధ్యాసే ఉండేది కాదు.

ఒకసారి డబ్బాలో దొరికే పచ్చి పనసతో ఆవ పెట్టిన కూర చేసి చూపించాను. దాని కింద ఒడియా లిపిలో నాలుగు వరుసలు వచ్చాయి. అనువాదం నొక్కితే పొంతన లేని మాటలు. మా అమ్మ ఈ ఊళ్లోనే ఒడియా బడిలో చదువుకుంది కాబట్టి ఆవిడకు పంపాను. ఫోనులో బిగ్గరగా చదువుతూ మధ్యలో ఆగి, "ఒడియా కాదే, ఇది మన తెలుగే!" అంది.

"అమ్మా, గిన్నె పొయ్యి మీద ఉండగానే ఆవ కలిపావు. చేదెక్కి ఉంటుంది. దించి, చల్లారాక కలుపు."

ఆ వరుసలు రాసింది ఈ పిన్నిగారే. నిజంగానే చేదెక్కింది. వీడియోలో ఆ మాట చెప్పలేదు. పిన్నిగారికి మాత్రం చెప్పాను, అమ్మ చేత ఒడియా అక్షరాల్లో రాయించి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఈ ఊరు ఇందులోకి వచ్చింది, పక్కనున్న పాతపట్నం మద్రాసు వైపే ఉండిపోయింది. అందుకే ఇక్కడ ఎన్నో ఇళ్లలో మాట తెలుగు, చేతిరాత ఒడియా. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పింది కూడా ఇక్కడే. ఆయన ఇక్కడి కొండల్లో ఉండే సవరల మాట నేర్చుకున్నది సవరల నోట విని, అడిగి, రాసుకునే. అడగడం, వినడం. నేను రెండేళ్లు చేయనిది ఆ రెండే.

తర్వాత బరంపురం నుంచి ఒకరు ఆవతో పాటు కాస్త అల్లం నూరుతామన్నారు. రాయగడ నుంచి మరొకరు ఒప్పుకోలేదు. ఆ ఒక్క కూర మీద ముచ్చట నెల రోజులు సాగింది. ఇప్పుడు వీడియో పెట్టిన సాయంత్రం నేను వేరే పని పెట్టుకోను, జవాబులు రాయడమే పని. ఇంకొకరి వీడియో చివరిదాకా చూడకుండా "బాగుంది" అని రాయను. నా లంకెను వాళ్ల గుమ్మంలో అతికించను, అది నాకు తప్పనిపిస్తుంది.

పొట్టు ఉడికింది, పోపు పడింది. పిన్నిగారు గిన్నె దించి పక్కన పెట్టారు. ఎంత చల్లారాలి అని నేను ఎన్నిసార్లు అడిగినా ఆవిడ ఒకటే రాసేవారు, చేయి పెడితే తెలుస్తుందని. ఇప్పుడు నా చేయి పట్టుకుని గిన్నె అంచుకు ఆనించారు.

"ఇంత. తెలిసిందా? ఇక కలుపమ్మా."