సోడియం మళ్ళీ మళ్ళీ పడిపోతుంటే

హోస్ట్: నమస్కారం మేడం. మా పెదనాన్న గారి సంగతితో మొదలుపెడతాను. ఓరోజు ఉన్నట్టుండి పెద్దమ్మని గుర్తుపట్టలేదు. ఆసుపత్రిలో సోడియం 118 అన్నారు. సెలైన్ ఎక్కించి, "కూరల్లో ఉప్పు కాస్త ఎక్కువ వేసుకోండి" అని పంపేశారు. మూడు వారాలకి మళ్ళీ అదే. మూడోసారికి గానీ ఛాతీకి స్కాన్ తీయలేదు.

డాక్టర్: ఊపిరితిత్తిలో గడ్డా?

హోస్ట్: అవునండీ. స్మాల్ సెల్ క్యాన్సర్ అన్నారు. దగ్గు లేదు, ఆయాసం లేదు. జబ్బు ఊపిరితిత్తిలో ఉంటే మతి ఎందుకు తప్పింది?

డాక్టర్: ఒంట్లో నీరు తగ్గినప్పుడు పిట్యూటరీ గ్రంథి వేసోప్రెసిన్ అనే హార్మోన్ వదులుతుంది. మూత్రంలో నీరు పోనివ్వొద్దని కిడ్నీకి చెప్పడం దాని పని. ఈ క్యాన్సర్ కణాలు ఆ హార్మోన్‌ని తామే తయారుచేస్తాయి, ఆపు లేకుండా. నీరంతా ఒంట్లోనే నిలిచిపోతుంది. పులుసులో ఇంకో చెంబు నీళ్లు పోస్తే చప్పబడదూ, అలా 135 పైన ఉండాల్సిన సోడియం పలచబడుతుంది. మెదడు కణాల్లోకి నీరు చేరి అవి ఉబ్బుతాయి. అందుకే మగత, తికమక, ఒక్కోసారి ఫిట్స్.

హోస్ట్: మరి సెలైన్?

డాక్టర్: ఇందులో మామూలు సెలైన్ సోడియంని ఇంకా దించేయవచ్చు. చాలామందికి ముందు తాగే నీళ్లు తగ్గిస్తాం. మరీ ప్రమాదంగా ఉంటే గాఢమైన సెలైన్, అదీ గంట గంటకీ చూసుకుంటూ. 1957లో ష్వార్ట్జ్, బార్టర్ అనే డాక్టర్ల బృందం ఇలా సోడియం పడిపోయే జబ్బుని మొదట వర్ణించినప్పుడు ఆ ఇద్దరు రోగులకీ ఊపిరితిత్తుల క్యాన్సరే.

హోస్ట్: ఈ క్యాన్సర్ నరాలనీ దెబ్బతీస్తుందంటారు కదా?

డాక్టర్: అక్కడ హార్మోన్ కాదు, మన రోగనిరోధక శక్తే. క్యాన్సర్ కణం మీద కనబడ్డ ప్రోటీన్ నరాల కొసల్లోనూ ఉంటే, రెండిటి మీదా విరుచుకుపడుతుంది. లాంబర్ట్-ఈటన్ జబ్బు అలాంటిదే. కుర్చీలోంచి లేవడం కష్టం, నోరు పిడచకట్టుకుపోతుంది. నా చెయ్యి పట్టుకోమంటే ముందు పట్టు ఉండదు, కాసేపు బిగిస్తే బలం వస్తుంది. అది చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది. ఎందుకంటే ఈ జబ్బున్నవాళ్లలో దాదాపు సగం మందికి లోపల క్యాన్సర్ ఉంటుంది. మొదటి స్కాన్ బాగానే ఉన్నా, రెండేళ్లపాటు కొన్ని నెలలకోసారి తీస్తూనే ఉంటాం.

హోస్ట్: సోడియం తగ్గినవాళ్లందరూ భయపడాలా?

డాక్టర్: అయ్యో, లేదండీ. పెద్దవాళ్లలో బీపీ మాత్రల వల్లో, వాంతులు విరేచనాల వల్లో తగ్గడం మామూలే. కారణం దొరక్కుండా మళ్ళీ మళ్ళీ పడిపోతుంటే మాత్రం ఛాతీ స్కాన్ సంగతి మీరే అడగండి. పొగ తాగే మనిషైతే అస్సలు ఆగొద్దు. పెదనాన్న గారికి అలవాటుందా?

హోస్ట్: చుట్ట. నలభై ఏళ్లు. వాళ్లు అడగలేదు, మేమూ చెప్పలేదు.