పల్చటి పొరకి వాలు కిరణం

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలందరికీ ఒక్కటే దండం పెట్టి పనిలోకి దిగుతాను.

శ్రీకాకుళంలో అరసవల్లి గురించి చెప్పక్కర్లేదు. మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులే పొద్దుటి కిరణాలు స్వామి పాదాల దాకా వస్తాయి. కోణం కొంచెం మారిందా, ఇక రావు. పల్చటి పొరల మీద ఎక్స్‌రే పనికీ కోణమే ప్రాణం.

ముందు నా బాధ వినండి. సిలికాన్ ముక్క మీద 30 నానోమీటర్ల పొర వేస్తారు. పొడికి తీసినట్టే తీటా–టూతీటా స్కాన్ తీస్తారు (తీటా అంటే కిరణం పొరని తాకే కోణం, టూతీటా దానికి రెట్టింపు). సిలికాన్ పీక్ తప్ప ఏదీ కనపడకపోతే "ఫిల్మ్ అమార్ఫస్", అంటే అణువులకి స్ఫటిక క్రమం లేదు, అని థీసిస్‌లో రాసేస్తారు. రాయకండి బాబూ! తీటా 20 డిగ్రీలైతే కిరణం ఆ పొరలో నడిచే దారి 88 నానోమీటర్లే, తక్కినదంతా సిలికాన్‌లోనే. కిరణాన్ని అర డిగ్రీకి వాల్చి, అక్కడే ఆపి, డిటెక్టర్ ఒక్కటే తిప్పండి. దారి సుమారు 3,400 నానోమీటర్లవుతుంది. అప్పుడూ పీక్ రాకపోతే మాట్లాడుకుందాం.

ఇంకా వాల్చితే? చెరువులో పెంకు కప్పగంతులేసినట్టు కిరణం పైనుంచే ఎగిరిపోతుంది. 1923లో భౌతిక శాస్త్రవేత్త కాంప్టన్ చూపించింది ఇదే. కిరణం అలా ఎగిరిపోవడం ఆగే కోణమే హద్దు. రాగి ఎక్స్‌రే ట్యూబు కిరణానికి సిలికాన్ మీద ఆ హద్దు 0.22 డిగ్రీలు, బంగారం మీద అర డిగ్రీ పైనే. హద్దు దాటాక పొర పైముఖం నుంచీ అడుగు నుంచీ వచ్చిన కిరణాలు కలిసి గ్రాఫ్‌లో అలలు కడతాయి. 1931లో కీసిగ్ చూసినవి అవే. హద్దుకి దూరంగా, అలకీ అలకీ మధ్య తీటాలో 0.147 డిగ్రీలుంటే మందం 30 నానోమీటర్లు. గ్రాఫ్ అడుగున ఉండేది మాత్రం టూతీటా. సగం చెయ్యడం మరిచారా, మందం 15 అని వస్తుంది. ఎంతమంది ఇక్కడే బోల్తా పడుతున్నారో!

ఇక అలైన్‌మెంట్. దీనికి తొందర పనికిరాదు. డిటెక్టర్ సున్నా దగ్గర, అటెన్యుయేటర్ (కిరణం బలం తగ్గించే పలక) పెట్టి, నమూనాని పైకి లేపుతూ నేరు కిరణం సగానికి తగ్గేచోట ఆపండి. ఒమేగా, అంటే నమూనా వాలు, ఊపి ఎక్కువ వెలుగున్నచోట నిలపండి. మళ్లీ ఎత్తు, మళ్లీ ఒమేగా. రెండూ కదలడం మానేదాకా ఇదే. డబుల్ టేపు మడతపడితే ముక్క వంగుతుంది, హద్దు అలుక్కుపోతుంది.

0.1 మిల్లీమీటరు కిరణం 0.2 డిగ్రీల దగ్గర సుమారు 29 మిల్లీమీటర్ల మేర పరుచుకుంటుంది. ముక్క 10 మిల్లీమీటర్లే అయితే చాలా భాగం పక్కనుంచే పోతుంది. దాంతో గ్రాఫ్‌లో హద్దు దాకా సమతలంగా ఉండాల్సిన మొదటి భాగం ఏటవాలుగా ఎక్కుతుంది, హద్దుని బట్టి కట్టే సాంద్రత లెక్క తప్పుతుంది. ఆ పది మిల్లీమీటర్ల ముక్కకి 0.57 డిగ్రీల దాకా సరిదిద్దుకోవాలి.

వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మా, నీ ముక్క ఎంత? పదేనా? ఈసారి ముప్పై కోయి. పొడుగు వైపు కిరణం వెంబడి పెట్టు.