నాలుగో రోజు నుంచే అసలు జాగ్రత్త

అందరికీ నమస్కారం. మీలో కొందరు ఇంట్లో కుక్కకో పిల్లికో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడానికి తేదీ తీసుకుని ఉంటారు. కొందరు ఇంకా తటపటాయిస్తూ ఉంటారు. ఎందుకు చేయించాలన్నదానిపై ఎక్కువసేపు మాట్లాడను. వయసు మళ్లిన ఆడకుక్కకు గర్భసంచిలో చీము పడితే ప్రాణం మీదికి వస్తుంది. ముందే ఆపరేషన్ అయిన కుక్కకు ఆ గండం దాదాపు ఉండదు. నా దృష్టిలో ఈ ఒక్క కారణం చాలు. ఈ రోజు చెప్పదలచుకున్నది ఇంటికి తెచ్చుకున్న తర్వాతి పది పద్నాలుగు రోజుల గురించి.

ఆడ జంతువుకు పశువైద్యులం మేం చేసేది చిన్న ఆపరేషన్ కాదు. పొట్ట కోసి, రక్తనాళాలను దారంతో ముడివేసి, అండాశయాలను, చాలావరకు గర్భసంచిని కూడా తీసేస్తాం. లోపల కండరానికి ఒక వరుస కుట్లు, పైన చర్మానికి మరో వరుస. ఇదే ఆపరేషన్ అయిన మనిషిని మర్నాడు మెట్లెక్కమని ఎవరూ అనరు. కుక్క మాత్రం ఎవరూ చెప్పకుండానే ఎక్కేస్తుంది. చిక్కంతా అక్కడే వస్తోంది.

మొదటి రాత్రి మత్తు పూర్తిగా వదలక మూలుగుతుంది, తూలుతుంది, వణుకుతుంది. ఇంటిల్లిపాదీ హడలిపోతారు. సాధారణంగా తెల్లవారేసరికి తేరుకుంటుంది. మత్తు వల్ల ఒంటి వేడి తగ్గుతుంది కాబట్టి చల్లటి గచ్చు మీద, ఫ్యాను కింద పడుకోబెట్టకండి. నేల మీదే దుప్పటి పరచండి, మంచం ఎక్కనివ్వకండి. బాగా తెలివి వచ్చాక కొంచెం నీళ్లు, ఆ తర్వాత రోజూ తినే తిండిలోనే సగం పెట్టండి. జాలిపడి మాంసం కూర, నెయ్యన్నం పెడితే వాంతి చేసుకోవచ్చు, వాంతితో పాటు పొట్ట మీది కుట్లూ లాగుతాయి. రెండు రోజులు విరేచనం కాకపోయినా కంగారు వద్దు. ఒక రోజంతా మూత్రం పోయకపోతే మాత్రం డాక్టరుకు ఫోను చేయండి.

ఒక పరీక్ష నేర్చుకుని వెళ్లండి. పై పెదవి మెల్లగా ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. నొక్కినచోట తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగులోకి రావాలి. నల్ల చిగుళ్ల కుక్కయితే కింది కనురెప్ప లోపలివైపు చూడండి. పాలిపోయి కనిపించినా, పొట్ట ఉబ్బుతున్నా, లేవలేకపోతున్నా లోపల రక్తస్రావం అవుతూ ఉండవచ్చు. తెల్లవారనీ అని ఆగకండి, ఆ క్షణమే బయలుదేరండి.

ఇక నాలుగో రోజు. కుక్క తోక ఊపుతుంది, బంతి తెచ్చి ఒడిలో పెడుతుంది. 'బాగైపోయింది' అని మీరు గొలుసు విప్పేస్తారు. నాకు ఎక్కువ భయం ఈ రోజుతోనే. పైన చర్మం అతుక్కున్నట్టు కనిపించినా లోపలి కండరానికి ఇంకా బలం రాదు. ఒక్క గెంతుకు లోపలి కుట్టు తెగి, పేగు చర్మం కిందికి జారవచ్చు. కుట్లు తీసేదాకా పరుగులు, మెట్లు, తోటి కుక్కలతో ఆటలు వద్దు. గొలుసు పట్టుకుని మల మూత్రాలకు తీసుకెళ్లి తెచ్చేయండి.

కుక్క నాకితే పుండు మానుతుందని మన పెద్దలు అనేవారు. ఆ మాట మీద గౌరవంతోనే కాదంటున్నాను. నాలుకతో తేమ, నోటిలోని క్రిములు గాయానికి చేరతాయి, కుట్లు ఊడతాయి. మెడకు కట్టే ప్లాస్టిక్ కాలర్ తినేటప్పుడూ నిద్రపోయేటప్పుడూ ఉండాల్సిందే. గోడలకు గుద్దుకుంటోందని, దిగులుగా చూస్తోందని మీ మనసు కరుగుతుంది. కరగనివ్వకండి.

రోజుకు రెండుసార్లు గాయం చూడండి. ఉదయం ఒకే వెలుతురులో ఫోనుతో ఫొటో తీస్తే తేడా తెలిసిపోతుంది. అంచులు కలిసి ఉండి, లేత ఎరుపు, కొద్ది వాపు ఉంటే ఫరవాలేదు. వాపు పెరిగినా, చీము, వాసన, రక్తపు చుక్కలు కనిపించినా తీసుకురండి. పసుపు, కొబ్బరినూనె, స్పిరిట్ ఏదీ రాయకండి. స్నానం కుట్లు తీసేదాకా వద్దు. వానాకాలంలో ఈగలు గాయం మీద వాలితే పురుగు పడుతుంది, కాబట్టి ఇంట్లోనే ఉంచండి.

మన మాత్రలు వాటికి వేయకండి. పారాసెటమాల్ సగం మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. నొప్పికి మందు కావాలి నిజమే, అది డాక్టరు తూకం చూసి ఇచ్చిందే కావాలి.

మగవాటికి గాయం చిన్నది, త్వరగా మానుతుంది. అయితే ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని వారాలు నాళాల్లో వీర్యకణాలు మిగిలి ఉంటాయి. ఒక నెలపాటు ఎదకొచ్చిన ఆడవాటికి దూరంగా ఉంచండి.

వీధి కుక్కలకు అన్నం పెట్టేవారికి ఒక మాట. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్ చేసిన వీధి కుక్కను సాధారణంగా పట్టుకున్నచోటే వదలాలి. ఆపరేషన్ అయిందన్న గుర్తుగా చెవి కొస కత్తిరించిన కుక్క మీ వీధికి తిరిగొస్తే దాని పొట్ట వైపు కూడా ఓ చూపు వేయండి. దానికి కాలర్ ఉండదు, ఫొటో తీసేవారు ఉండరు. వాపో చీమో కనిపిస్తే ఆపరేషన్ చేసిన కేంద్రానికి అదే రోజు చెప్పండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ఆపరేషన్ తేదీ దగ్గరపడినవారు ముందు అడగండి.