సాయంత్రం ఐదింటికి తెరిచే తలుపు

(గ్రంథాలయ వారోత్సవాల ముగింపు సభలో, మాస్టారి సన్మాన సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదికనలంకరించిన పెద్దలకు, ముందు వరుసలోకి రమ్మంటే వినకుండా ఎప్పటిలాగే బీరువా పక్కన స్టూలు మీద కూర్చున్న మన మాస్టారికి నమస్కారం.

సన్మాన సభల్లో పొగడ్తకు కొదవ ఉండదు కనుక, నాకిచ్చిన పది నిమిషాలూ ఒక రిజిస్టరు గురించి మాట్లాడతాను. నిన్న మధ్యాహ్నం ఈ గ్రంథాలయం పాత హాజరు పుస్తకాలు తిరగేశాను. తలుపు తెరిచిన వేళ, వచ్చిన పాఠకుల సంఖ్య నలభై ఏళ్ళకు పైగా ఒకే దస్తూరీలో ఉన్నాయి. తుపాను పట్టిన ఒక రోజున "5.00. కరెంటు లేదు, లాంతరు. పాఠకుడు ఒకరు" అని రాసి ఉంది. ఆ ఒక్కరైనా వస్తారో రారో తెలియకుండానే మాస్టారు అంత వానలో వచ్చి తాళం తీశారన్నమాట.

మన గ్రంథాలయోద్యమ చరిత్రను సభలతో, తీర్మానాలతో చెప్పుకోవడం వాడుక. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో జరిగిన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభకు, చూపు సరిగా లేని చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షత వహించారు. ఆ సభ కోసం తిరిగిన అయ్యంకి వెంకటరమణయ్య గారికి అప్పటికి ఇరవై నాలుగేళ్ళు నిండలేదు. 1972లో పద్మశ్రీ అందుకునేనాటికి ఎనభై దాటాయి. ఈ రెండు తేదీల నడుమ గడిచిన సుమారు ఆరు దశాబ్దాల్లో సభలు జరిగిన రోజులెన్ని, ఊరూరా తిరిగి పుస్తకమో, గదో, అలమరో అడిగి తెచ్చిన రోజులెన్ని? నా దృష్టిలో ఉద్యమమంటే ఆ రెండో లెక్కే.

మనకు మరీ దగ్గరి సంగతి పాతూరి నాగభూషణం గారి పడవ గ్రంథాలయం. జనం కాలువల మీద ప్రయాణించే కాలంలో, 1935లో, పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా నడిచే పడవలో ఆయన పుస్తకాలు పెట్టించారు. గంటల తరబడి సాగే ప్రయాణంలో చేతులు ఖాళీగా ఉంటాయని గ్రహించడం చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, పాఠకుడు ఎక్కడుంటాడో చూసి పుస్తకాన్ని అక్కడికి చేర్చాలన్న ఆలోచన అంతా అందులోనే ఉంది.

మాస్టారు సైకిలు మీద చేసిందీ అదే. గడువు దాటిన పుస్తకం కోసం ఇంటికి వచ్చేవారు, జరిమానా మాట ఎత్తేవారు కాదు, "బాగుందా? ఎంతదాకా వచ్చింది?" అని అడిగేవారు. రెండేళ్ళు నా దగ్గరే ఉంచుకున్న ఒక నవలను ఆ ప్రశ్నకు తట్టుకోలేక మర్నాడే తెచ్చి ఇచ్చాను. చివరి పేజీలు చదవకుండానే ఇచ్చానని మాస్టారికి ఈ రోజే తెలుస్తోంది.

చిరిగిన పుస్తకాలను ఆయన ఆదివారం ముందేసుకునేవారు. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా కాస్త మైలతుత్తం కలిపి, ఆ జిగురుతో పాత పంచె గుడ్డను పుస్తకం వీపుకు అతికి, పైన ఇటుక పెట్టి ఆరనిచ్చేవారు. కప్పు కారిన ఏడాది పెట్టిన అర్జీకి జవాబు రాలేదు. ఆయన పింఛను డబ్బుతో పరదాపట్టా వచ్చింది. ఆస్తిపన్ను రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు మనమూ కడుతున్నామన్న సంగతి ఇక్కడ గుర్తు చేయడం అనుచితం కాదనుకుంటాను.

మాస్టారికి ఎనభై నిండాయి, ఈ నాలుగు మెట్లూ కష్టమవుతున్నాయి. ఇకపై ఈ తలుపు ఎవరు తెరుస్తారన్నది శాలువా కప్పడానికి ముందు తేలవలసిన మాట కనుక కమిటీ వారం రోజులుగా తర్జనభర్జన పడింది. డిగ్రీ చదువుతున్న మన ఊరి అమ్మాయిలిద్దరు రోజు మార్చి రోజు వస్తామని ముందుకొచ్చారు. మాస్టారు పెట్టిన షరతు ఒక్కటే: ఐదంటే ఐదే. ఆయన వేదిక మీదికి వచ్చి, తాళంచెవితో పాటు రిజిస్టరు కూడా వారి చేతికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.